ఆగి వినని వాళ్లు

కోపం తగ్గాక రాద్దామని ఏడాదిగా చూస్తున్నాను. తగ్గలేదు. ఇంకా ఆగితే గుర్తున్న చిన్న సంగతులు కూడా చెరిగిపోతాయని ఇవాళ పూజ అయ్యాక, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా కాగితం తీసుకుని కూర్చున్నాను. మా సుభద్రలాంటి పిల్ల ఉన్న తల్లి ఎవరైనా దీన్ని చదివి, నేను చేసిన తప్పుల్లో ఒక్కటైనా చేయకుండా ఉంటే చాలు.

సుభద్ర మా ఒక్కగానొక్క కూతురు. చెవులు బాగానే వినిపిస్తాయి. చెప్పింది చెప్పినట్టు అర్థమవుతుంది. "రెండో అరలో పసుపు డబ్బా వెనక చిన్న గిన్నె ఉంది, తీసుకురా" అంటే నాలుగేళ్లప్పుడే తెచ్చేది. "ఏం తెచ్చావమ్మా?" అని అడిగితే మాత్రం ఆ గిన్నె పేరు దానికి దొరికేది కాదు. పెదవులు కదిలేవి, కళ్లు పైకి పోయేవి, చేయి గాలిలో గుండ్రంగా తిరిగేది. గరిటెను "పులుసుది" అనేది. గొడుగును "వానది" అనేది. మాట లోపల ఎక్కడో ఉంది, బయటికి దారి తెలియదు. ఆ జబ్బు పేరేమిటో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. పిల్లకు మాత్రం చాలా పేర్లు పెట్టారు.

మాది గుంటూరు వైపు. మావారు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆఫీసులతో పాటు మేమూ కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చి, అశోక్ నగర్‌లో ఒక ఇంటి వెనక వాటాలో దిగాం. మా అత్తగారు మాతోనే ఉంటారు. ముందు వాటాలో ఇంటావిడ సత్తెమ్మ గారు. ముషీరాబాద్‌లో పుట్టి అశోక్ నగర్‌లో కాపురం చేసిన మనిషి. ఆవిడ గురించి తర్వాత చెప్తాను. అసలు ముందే చెప్పాలి, కానీ నేను ఆవిడ విలువ తెలుసుకున్నది కూడా చాలా తర్వాతే.

*1967, జూన్*

అయిదేళ్లు నిండాయని చిక్కడపల్లిలో ఒక బడిలో వేశాం. నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. మా వైపు అప్పట్లో ఆడపిల్లను పంపేవారు కాదు, నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. అందుకని నా కూతురు పలకా సంచీ పట్టుకుని గేటులోకి వెళ్తుంటే, దేవుడికి దణ్ణం పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఆ బడిలో చదువంటే అప్పజెప్పడం. మధ్యాహ్నం చివరి గంటలో ఎక్కాలు. ఒక పిల్ల లేచి చెబితే మిగతావాళ్లు అందుకోవాలి. సుభద్ర వంతు వచ్చినప్పుడల్లా తరగతి మొత్తం నిశ్శబ్దమయ్యేదట. తర్వాత నవ్వు. తర్వాత బెంచీ మీద నిలబెట్టడం. పలక మీద రాయమంటే రాస్తుంది కదా అని నేను వెళ్లి అడిగితే, పంతులమ్మ గారు "రాయడం ఎవరైనా రాస్తారమ్మా, నోట్లోంచి రావాలి. మీ అమ్మాయిది మొండితనం" అన్నారు.

రెండో నెలలో ఒకరోజు తడిసిన గౌనుతో ఇంటికి వచ్చింది. ఒంటికి వెళ్లి వస్తానని అడగడానికి మాట దొరకలేదు. కాళ్లు కొట్టుకుంటూ, చేత్తో తలుపు చూపించిందట. "నోటితో అడిగితేనే పంపుతా" అన్నారట ఆవిడ. ఆరేళ్లు కూడా లేని పిల్ల.

ఆ పంతులమ్మ మీద నాకున్న కోపం రాయగలను. దానికంటే రాయడానికి కష్టమైనది ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రమే దేవుడికి అరటిపండు నైవేద్యం పెట్టి, ప్రసాదం చేతిలో పట్టుకుని, "గోవిందా అను, ఇస్తాను" అన్నాను. రోజూ అనేదాన్నే. అలా అనిపిస్తే మాట వస్తుందని ఎవరో చెప్పారు. సుభద్ర పండు వంక చూసింది, నా వంక చూసింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాకాలం దీపం పెట్టే వేళకు దేవుడి గదిలోకి రావడమే మానేసింది.

*1968, ఎండాకాలం*

పిల్ల పుట్టినప్పటినుంచీ మా అత్తగారు దాని నాలుక మీద వస కొమ్ము అరగదీసి రాస్తూనే ఉన్నారు. వస నాకితే పిల్లలు గలగలా మాట్లాడతారని మనవాళ్ల నమ్మకం. మాట రాలేదు, నాలుక పూసింది. "గ్రహణంలో నువ్వు కత్తిపీట ముట్టుకున్నావు" అని ఆవిడ నన్ను అనేవారు. "నువ్వు దాన్ని మాట్లాడనివ్వవు, అన్నీ నువ్వే అందిస్తావు" అని మావారు అనేవారు. "ఇంట్లో ఒక తెలుగు, వీధిలో ఒక తెలుగు, పాలవాడితో ఉర్దూ, అన్నీ కలిపి పిల్ల బుర్ర పాడైంది" అని ఆయన ఆఫీసు స్నేహితులు అనేవారు. లోకంలో అందరికీ నా కూతురి జబ్బు తెలుసు. తెలియంది నాకే.

నారాయణగూడలో ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. గోడ వెంట పొడుగు బెంచీ. మూడు పూటలు ఆ బెంచీ మీద కూర్చున్నాం. పక్కన బురఖా వేసుకున్న ఒకావిడ తన పిల్లవాడికి సోంపు పెడుతూ, సుభద్ర చేయి తెరిచి దాని అరచేతిలోనూ కాసిన్ని పోసింది. పేరు అడగలేదు. "ఏం, మాట్లాడదా?" అని అడగలేదు. ఆ ఎండాకాలంలో మమ్మల్ని ఏమీ అడగని మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ మొహం నేను చూడలేదు, అయినా ఇప్పటికీ ఆవిడకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

డాక్టరు గారు పిల్ల నోరు తెరిపించి చూసి, నాలుక కింద నరం పొట్టిగా ఉంది, కోస్తే సరిపోతుందన్నారు. ఎంతసేపు చూశారు? మంచినీళ్లు తాగినంతసేపు. ఆ పిల్లతో ఒక్క మాటా మాట్లాడలేదు. మావారు సరేనన్నారు. నేనూ సరేనన్నాను. నేను సరేనన్నాను అని ఇక్కడ రాసుకోవాలి.

లోపల ఏం చేశారో నేను చూడలేదు. బయటికి వచ్చినప్పుడు దాని నోట్లో గుడ్డ ఉంది. కళ్లలో నీళ్లు లేవు, అదే నాకు భయమేసింది. కాంపౌండరు ఒక ముసలాయన, సందు చివర సోడాల దుకాణానికి తనే వెళ్లి, చేతిరుమాలులో మంచుముక్క చుట్టి తెచ్చి, దాని పెదవి మీద పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. వారం రోజులు గంజి తప్ప ఏమీ దిగలేదు. మాట రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే, "ఇక నా చేతిలో లేదమ్మా, కొంతమంది మందబుద్ధి పిల్లలు అంతే" అన్నారు డాక్టరు గారు.

ఆ మాట బడికి కూడా చేరింది. ఎవరు చేర్చారో తెలియదు. దసరా సెలవులయ్యాక మళ్లీ పంపవద్దని కబురు పెట్టారు.

మా నాన్నగారు నాకొక అలవాటు నేర్పారు. దీపం పెట్టాక ఆ రోజు జరిగిన మంచి ఒకటి తలుచుకుని దేవుడికి చెప్పుకోవడం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్కరోజు తప్పలేదు. ఆ రోజు దీపం ముందు కూర్చుంటే మంచి ఏదీ తోచలేదు, ఇంకొకటి తోచింది. ఈ విగ్రహం ముందు నేను ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నాను. ఒక్కసారి కూడా బదులు చెప్పలేదు. ఈయన్ని ఎవరూ మందబుద్ధి అనలేదు. అన్నీ తెలుసుననే అన్నారు.

ఇది పాపమైతే కావచ్చు. అప్పుడే లేచి వెళ్లి సుభద్ర పలక వెతికాను.

*1969*

నాన్నగారు నాకు చదువు చెప్పిన తీరు వేరు. అప్పజెప్పించేవారు కాదు. కాగితపు ముక్క మీద ఒక పని రాసి నా ముందు పెట్టి, మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లిపోయేవారు. "పెరట్లోంచి రెండు నిమ్మకాయలు కోసుకురా." ఆయన వచ్చేసరికి నా చేతిలో రెండు నిమ్మకాయలుంటే నాకు చదవడం వచ్చినట్టు. మూడుంటే రానట్టు. నోరు తెరిచే పనే లేదు.

నేనూ చీటీలు మొదలుపెట్టాను. మొదట ఒక్కొక్క మాట: గిన్నె, చెంబు, తలుపు. ఆయా వస్తువుల మీద అతికించాను. తర్వాత పనులు. "తలుపు వెయ్యి." "చెంబులో సగం నీళ్లు పొయ్యి." బియ్యం డబ్బాలో ఒకటి, దేవుడి గూట్లో ఒకటి, నాయనమ్మ కళ్లజోడు కింద ఒకటి దాచేదాన్ని. వెతికి తీసి, చదివి, చేసేది. చేసిన ప్రతి చీటీనీ ఖాళీ అగ్గిపెట్టెలో దాచుకునేది. నాలుగు నెలలకు అగ్గిపెట్టెలు తొమ్మిదయ్యాయి.

ఆ ఏడే ప్రత్యేక రాష్ట్రం కావాలని ఉద్యమం లేచింది. కాలేజీలు, బడులు మూతపడ్డాయి. నారాయణగూడ చౌరస్తా దాటి వెళ్లాలంటే భయం. మా వాటాలో మాకు ఇంకో భయం, మేము కోస్తా వాళ్లం కదా. సత్తెమ్మ గారు ఒకరోజు మావారిని పిలిచి, "మీరేం పరేషాన్ కాకుండ్రి సారూ. గేటు కాడ నేనుంట. నన్ను దాటి ఎవడొస్తడో చూస్త" అన్నారు. అన్నట్టే పొద్దుగూకేవరకూ గేటు దగ్గరి మెట్టు మీద చాటలో బియ్యం పెట్టుకుని రాళ్లేరుతూ కూర్చునేవారు.

ఇక్కడ నా కోపానికి కొంచెం నవ్వొచ్చింది. ఆ ఏడాది ఊళ్లో అందరి పిల్లలూ నా పిల్లలాగే ఇంట్లో కూర్చున్నారు. చుట్టుపక్కల తల్లులు, "మీరు మీ అమ్మాయికేదో చెప్తున్నారట కదా, మావాళ్లనీ కూర్చోబెట్టుకోండి" అని వచ్చారు. వాళ్లలో ఇద్దరు అదే బడి పిల్లలు, ఎక్కాలు గడగడా చెప్పేవాళ్లు. చీటీ చేతికిస్తే తెల్లమొహం వేశారు. సుభద్ర వాళ్ల చేతిలోంచి తీసుకుని చదివి, వెళ్లి ఆ పని చేసి చూపించేది.

ఒక మధ్యాహ్నం నేను గూట్లో పెట్టిన చీటీ వెనకవైపు ఏదో రాసి ఉంది. నేను రాసింది కాదు. వంకర అక్షరాలు.

"నా నాలుక ఎందుకు కోశారు"

ఏడాది దాటింది ఆ సంగతి జరిగి. ఏడాదిగా ఆ పిల్ల అది లోపల మోస్తూ మా మధ్య తిరిగింది, గంజి తాగింది, చెంబులో సగం నీళ్లు పోసింది. మాట్లాడలేదని శిక్ష వేశామనుకుంది. కాదని చెప్పడానికి నాకు, ఇంత మాటకారికి, మాట దొరకలేదు. అప్పుడు తెలిసింది దానికి రోజూ ఎలా ఉంటుందో.

చీటీ మీదే రాశాను: "నీ తప్పు లేదు. మాకు తెలియక చేశాం." చదివింది. అగ్గిపెట్టెలో పెట్టుకుంది.

సత్తెమ్మ గారి మెట్టు మీద కూర్చోవడం అప్పటికే దానికి అలవాటైంది. ఆవిడ పిల్లను ఏమీ అడిగేవారు కాదు. తన పాటికి తను మాట్లాడుకునేవారు. "చూసినవా బిడ్డ, ఈ రాయి ఎంత నల్లగుందో. మా ఆయన నోట్ల పండ్లు గిట్లనే ఉండె." సుభద్ర కిలకిల నవ్వేది. అది ఏదైనా చెప్పబోయి ఆగితే, మేమైతే "నీళ్లా? అన్నమా? గౌనా?" అని తలా ఒకటి అందించేవాళ్లం. ఆవిడ మాత్రం మమ్మల్నే ఆపేవారు. "జర ఆగుండ్రి, బిడ్డ చెప్తది. నాకేం తొందర లేదు, గీ చాటెడు బియ్యమయ్యేదాక ఇక్కడ్నే ఉంట." నేను అది ముసలావిడ ముచ్చట అనుకున్నాను. అదే వైద్యమని నాకు తట్టలేదు.

వానలు మొదలయ్యాక మావారి పెదనాన్న కొడుకు గుంటూరు నుంచి వచ్చారు. అందరం ముందు గదిలో ఉన్నాం. సుభద్ర బయటి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది, ఏదో చూసి వచ్చింది. మా అత్తగారు అలవాటుగా, "ఏమే, కాకి పిల్లను చూశావా? కుక్కనా? ఏం?" అని అందుకున్నారు. సుభద్ర చేయెత్తి ఆపింది.

"జర ఆగు. చెప్త."

ఏడేళ్లలో అది మా ఎదుట పూర్తిగా అన్న మొదటి మాట.

బావగారు తొడ చరుచుకుని నవ్వారు. "ఏరా, మీ అమ్మాయి అప్పుడే ఉద్యమంలో చేరిపోయిందే."

మావారి మొహం ఎర్రబడింది. "ఇంటావిడ దగ్గర కూర్చోబెడితే ఇంతే. ఇక అటు పంపకు" అన్నారు నాతో. అత్తగారు "మన ఇంట్లో ఇదేం మాట" అన్నారు. నేనేం చేశానంటే, నవ్వుతూ, ప్రేమగా, దాని గడ్డం పట్టుకుని, "అలా కాదమ్మా. 'కాస్త ఆగండి, చెప్తాను' అనాలి. ఏదీ, అను" అన్నాను.

సుభద్ర నన్ను చూసింది. ప్రసాదం పట్టుకుని నిలబడ్డ రోజు చూసినట్టే చూసింది. బయట ఏం చూసి వచ్చిందో ఎప్పటికీ చెప్పలేదు.

ఆ తర్వాత నెల దాటినా ఒక్క మాట లేదు. "పులుసుది" కూడా లేదు. చీటీలు చదవడం మానేసింది. అగ్గిపెట్టెలు మంచం కిందికి తోసేసింది.

సత్తెమ్మ గారు దండెం దగ్గర నన్ను పట్టుకున్నారు. "ఏంది, బిడ్డ ఇటు వస్తలేదు? జొరమా?" అబద్ధం చెప్పలేక జరిగింది చెప్పాను. ఆవిడ చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది.

"ఏడేండ్లకు బిడ్డ నోరు తెరిస్తే, అది ఏ ఊరి మాటని చూసిండ్రా మీరు?"

ఆవిడ ఆ బట్టను దండెం మీద పడేసి నావైపు తిరిగారు.

"మా మాట గంత చేదా అమ్మా?"

"తప్పయింది" అన్నాను.

"నాకెందుకు చెప్తవ్? పోయి బిడ్డకు చెప్పు."

చెప్పాను. చీటీ రాసి అగ్గిపెట్టెలో పెట్టాను, నోటితోనూ చెప్పాను: "తప్పు నాది. నీకు ఏ మాట వస్తే అదే మన మాట." ఆ సాయంత్రం మావారికీ అత్తగారికీ ఒక సంగతి ఖాయంగా చెప్పాను. ఈ ఇంట్లో ఇకనుంచి ఎవరూ ఆ పిల్ల మాట దిద్దకూడదు, అందించకూడదు, నవ్వకూడదు. అత్తగారు, "రేపు పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ముందు కూడా ఇలాగే ఆగమంటుందా?" అన్నారు. "ఆగలేనివాడు మనకెందుకు అత్తయ్యా?" అన్నాను. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆవిడకు ఎదురు చెప్పడం అదే మొదలు. న్యాయంగా ఇదీ రాయాలి: ఆవిడ మాట నిలబెట్టుకున్నారు. సుభద్ర ఏదైనా చెప్పబోతే, తను అందించకుండా ఉండటానికి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవారు.

దీపావళి ముందు ఒక ఉదయం, సత్తెమ్మ గారి మెట్టు మీది నుంచి గొంతు వినిపించింది. "పెద్దమ్మా... గిది... రాయి." నేను వంటింట్లోనే నిలబడిపోయాను. బయటికి వెళ్లలేదు. వెళ్లి ఉంటే మెచ్చుకునేదాన్ని, మెచ్చుకుని మళ్లీ చెప్పమనేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

*1970, జూన్*

ఎనిమిదేళ్లు వచ్చాయి. ఇంటి దగ్గర నాలుగో తరగతి పుస్తకం చదువుతోంది. మావారికి బడి మీద ఆశ పోలేదు. నారాయణగూడలో వేరే బడిలో అడిగితే, పెద్ద పంతులమ్మ గారు స్వయంగా పరీక్షించి చూస్తామన్నారు. నోటితో జవాబులు చెబితే తీసుకుంటారు. చెప్పకపోతే, చదువుకు పనికిరాదని రాసిస్తారు. ఆ కాగితం ఒకటి చేతికొస్తే ఇక ఏ బడీ గేటు తియ్యదు.

బల్ల వెనక పెద్ద పంతులమ్మ గారు, చేతిలో కలం. "వారానికి రోజులెన్ని?"

సుభద్ర కళ్లు పైకి పోయాయి. పెదవులు కదిలాయి.

"చెప్పమ్మా. ఎన్ని? ఆదివారం, సోమవారం..."

సుభద్ర చేయెత్తింది. "జర ఆగుండ్రి."

ఆవిడ నావైపు చూసి నవ్వారు. "మీది కోస్తా అన్నారు. పిల్లకు మన తెలుగు కూడా నేర్పలేదా?" అని కలం మూత తీశారు.

నేను మామూలుగా పెద్దవాళ్ల ముందు కూర్చోవడానికే జంకుతాను. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అది ఆగమంది. ఆగండి."

ఆగారు. కలం పట్టుకునే ఆగారు. గోడ గడియారం చప్పుడు, వరండాలో ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడు. నా నాలుక మీద "ఏడు" ఉంది. పళ్లతో పట్టి ఉంచాను.

"ఏడు" అంది సుభద్ర.

"నీ పేరు?"

మళ్లీ అంతసేపు. "సు... భద్ర."

ఇంకో రెండు ప్రశ్నలు. రెండింటికీ చెప్పింది. ఆవిడ గడియారం చూసుకుని, "తెలివి లేకపోలేదు. రెండో తరగతిలో వేసుకుంటాం. కానీ అప్పజెప్పేటప్పుడు ఒక్కొక్క పిల్ల కోసం ఇంతసేపు కుదరదమ్మా. మూడు నెలల్లో వేగం రాకపోతే తీసుకెళ్లండి" అన్నారు.

నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను. చేర్చలేదు. మావారు మూడో రోజు కోఠి వెళ్లి అయిదో తరగతి పుస్తకాలు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టారు. ఈ రోజుకీ అది ఇంట్లోనే చదువుతోంది. పెద్దయ్యాక పరీక్షలు ఇంటినుంచే కట్టుకోవచ్చట, వాటిలో రాయడమే ఉంటుందట. మాటలు వస్తున్నాయి, మెల్లగా, ఎక్కువగా సత్తెమ్మ గారి మాటలు. అత్తగారు కూడా ఇప్పుడు "జర ఆగు" అంటారు, పాలవాడితో.

కానీ నేను రాయాలని కూర్చున్నది ఇది కాదు. ఆ రోజు నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా నడిచి వస్తున్నాం. నేను కోపంతో దాని చేయి గట్టిగా పట్టుకున్నాను. కూరగాయల బండ్ల దగ్గర అది ఆగి, నన్ను ఆపి, నా మొహంలోకి చూసింది. ఏదో చెప్పబోతోంది. రిక్షావాళ్లు అరుస్తున్నారు, దారికి అడ్డమని ఎవరో విసుక్కున్నారు. నేను కదల్లేదు.

"అమ్మా" అంది. చాలాసేపటికి, "ఆమె... ఆగింది" అంది. నవ్వింది.

దానికి ఆ పూట జరిగిన మంచి అదే. కలం పట్టుకుని, గడియారం చూస్తూ ఒక పెద్దమనిషి దాని కోసం ఆగింది. ఆ సాయంత్రం దేవుడి గదిలోకి తనే వచ్చి, దీపం ముందు నా పక్కన కూర్చుని, నేను అడగకుండానే, అదే మళ్లీ చెప్పుకుంది దేవుడికి. నేను ప్రసాదం దాని చేతిలో పెట్టాను. ఏమీ అనమనలేదు.

ఎనిమిదేళ్ల పిల్ల, ఎవరో తన మాట కోసం కాసేపు ఆగినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవలసి వచ్చింది. నా కోపం అందుకు.